లంగరు బుడగలు

మా వదిన ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే, "నీళ్ళకి కడుపుబ్బరం ఉందేమో చూస్తుంది" అంటాను. ఆడపడుచుని కదా, ఆమాత్రం వెక్కిరించే హక్కు నాకుంది. ఆమె ఆఫీసువాళ్ళకి లేదు. అయినా వెక్కిరించారు, అందుకే ఇది రాస్తున్నాను.

జలాశయం అడుగున ఆకూ కొమ్మా కుళ్ళితే మీథేన్ పుడుతుంది. అది బుడగలుగా పైకొచ్చి, గాలిలో కలిసి భూమిని వేడెక్కిస్తుంది. వదిన పడవలో వెళ్ళి, తేలే ప్లాస్టిక్ తొట్టిని నీటిమీద బోర్లించి, అందులో చేరిన గాలిని సిరంజిలోకి లాగి కొలుస్తుంది. ఎండకి మాడిపోయి ఇంటికొస్తే మా అన్నయ్యే గుర్తుపట్టడు.

ఎగువన ఇంకో జలాశయం కట్టారు. అక్కడి అడవిని నరికించి నీళ్ళు నింపాలా, చెట్లతో సహా ముంచెయ్యాలా అన్నది వదిన కొలతల్ని బట్టి తేలుస్తామన్నారు. నరికించడం పెద్ద తతంగం. ముంచడానికి గేట్లు దించితే చాలు.

మొదట్లో వదిన ఒక పొరపాటు చేసింది. పడవ కదలకుండా లంగరు వేసింది. లంగరు బురదలో దిగబడితే, అక్కడ ఇరుక్కున్న గాలంతా బుడబుడమని పైకొచ్చేస్తుంది. ఆ సంగతి తనే పసిగట్టి, మీటింగులో తనే లేచి చెప్పి, ఆ కొలతలు తనే పారేసింది. తర్వాత లంగరు ముట్టుకోలేదు. తెడ్లతో పడవని నిలబెట్టి చేతులు బొబ్బలెక్కించుకుంది. బుడగలు అప్పుడూ వచ్చాయి, తక్కువేం కాదు.

వాళ్ళ ఆఫీసు డైరెక్టరు ఆ నిజాయితీనే పట్టుకుని ఆమె నెత్తిన కొట్టాడు.

"ఒకసారి లంగరేసినావిడ మళ్ళీ వెయ్యలేదని నమ్మకమేంటమ్మా?"

"పడవ నడిపే ఆయన్ని అడగండి సార్. లంగరు ఒడ్డునే వదిలేసి వెళ్తున్నాం."

"ఆయన మీ మనిషేగా!"

బుడగలు పడ్డ కొలతలన్నిటికీ 'లంగరు బుడగలు' అని పేరు పెట్టి కొట్టేసి, మిగిలిన తక్కువ కొలతలతోనే రిపోర్టు రాయించాడు. ఆ మాట ఆఫీసంతా పాకింది. టీ మరిగినా లంగరు బుడగలే, ఎవరికైనా తేన్పొచ్చినా లంగరు బుడగలే. సిగ్గూ శరం లేని మనుషులు!

ఇంట్లో నేను చిందులు తొక్కాను. "దేవుడు నీకు నోరెందుకిచ్చాడు వదినా? పోట్లాడు!"

"పోట్లాడాను. రిపోర్టు మీద సంతకం పెట్టనన్నాను. ఇంకేం చెయ్యమంటావ్?" అంది, బొబ్బలకి మందు రాసుకుంటూ.

"అసలు ఆ లంగరు సంగతి చెప్పకుండా ఉండాల్సింది తల్లీ" అంది అమ్మ.

"అలా అనకండి అత్తయ్యా" అంటూనే వదిన ఏడ్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

వానలొచ్చాయి. మేమంతా అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు డైరెక్టరు ఫోన్ చేశాడు. చెయ్యి ఎంగిలి కదా, వదిన స్పీకర్ పెట్టింది.

"ఎగువన నింపడం మొదలెట్టామమ్మా. అక్కడ కూడా మీరే కొలవాలి."

"చెట్లు కొట్టించారా సార్?"

"ఎందుకూ? గాలి పెద్దగా రాదని మీ కొలతలే చెప్పాయిగా!"

మీ కొలతలట! వదిన ముఖం పాలిపోయింది. నేనింక ఆగలేకపోయాను. వాడి వయసూ హోదా ఏదీ చూడకుండా నోటికొచ్చినట్టు దులిపేశాను. "మీ వదిన ఉద్యోగం పోతుందే!" అని అన్నయ్య చేతులూపుతున్నాడు. ఎప్పుడూ నన్ను గదమాయించే వదిన ఆపలేదు సరికదా, ఎడమచేత్తో ఫోను తీసి నా నోటికి ఇంకాస్త దగ్గరగా పెట్టింది.