వదిన దగ్గు

భోజనం కాగానే వదిన చేతులు కడుక్కుంటుంది, కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటుంది, దుప్పట్ల మూట మీద కూర్చుని ఫోను తెరుస్తుంది. ఆసుపత్రి లాండ్రీలో బట్టలారబెట్టే డ్రమ్ములు కాస్త ఊపిరి పీల్చుకునేది ఆ వేళలోనే. మడతల గదిలోని ఆడవాళ్ళంతా చుట్టూ చేరి చెవులప్పగిస్తారు. వదిన వాళ్ళకు సీరియల్ నవల చదివి వినిపిస్తుంది. అందులో భర్త పోయిన ఒక డాక్టరమ్మ ఉంది, ఆమె ఇంటి పైవాటాలో అద్దెకు దిగిన వడ్రంగి ఉన్నాడు.

లాండ్రీలో అందరికీ ఆమె వదినే. అసలైన ఆడపడుచు మాత్రం అక్కడ ఒక్కతే, ఆమె భర్త చెల్లెలు. వదిన మాటసాయంతోనే కొత్తగా పనిలో చేరింది. చేరిన రోజు నుంచీ ఆమెకు వదిన దగ్గు గురించే బెంగ.

కథ మంచి పట్టులో ఉండగా, డాక్టరమ్మ గది తలుపు గడియ వేయగానే, వదినకు దగ్గొచ్చేది. ఖళ్ళుఖళ్ళున దగ్గి, గుక్కెడు నీళ్ళు తాగి, వేలితో తెరను గబగబా పైకి తోసి, "తెల్లారింది" అని మళ్ళీ ఎత్తుకునేది. ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకునేవాళ్ళు.

"పొడి దగ్గు వదినా, అశ్రద్ధ చెయ్యకు" అంటూ ఆడపడుచు మందు సీసా కొనుక్కొచ్చింది.

"ఆ దగ్గుకు సీసా మందు లేదే అమ్మాయ్" అంది ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేసే లావుపాటావిడ. గది గొల్లుమంది. మందే లేదంటే ఎంత పెద్ద జబ్బో అని ఆడపడుచు ఇంకా హడలిపోయింది.

ఆ తర్వాత వదినకు నిజంగానే జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. గుసగుస తప్ప మాట లేదు. కథ ఆగిపోయి వారమైంది.

"ఆ వడ్రంగి ఏమైపోయాడో తెలియక నాకు ముద్ద దిగట్లేదర్రా" అంటూ లావుపాటావిడ ఫోను లాక్కుని ఆడపడుచు చేతిలో పెట్టింది. "నీకు చదువొచ్చుగా, కానియ్."

వదిన చెయ్యి అడ్డం పెట్టి ఏదో అనబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

ఆడపడుచు శ్రద్ధగా, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు చదివింది. డాక్టరమ్మ గడియ వేసింది. ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పలేదు గనక ఆమె ఆగలేదు.

"అతని వేళ్ళు ఆమె జాకెట్టు మొదటి హుక్కు దగ్గర నిలిచిపోయాయి. ఇష్టమేనా, అని అడిగాడు. ఊ, కానీ తొందరపడకు, అందామె. తర్వాత అతని చెయ్యి పట్టుకుని తనకు ఎక్కడ ఇష్టమో..."

ఆడపడుచు టక్కున ఆగింది. కళ్ళు మాత్రం కింది వరుసల్లోకి పరుగెత్తాయి. అక్కడ ఉన్నది చూసి చెవులు భగ్గుమన్నాయి. ఫోను నిప్పుకణికలా మూట మీద పడేసింది.

"ఛీ!"

ఎవరూ నవ్వలేదు.

"ఎక్కడ ఇష్టమంది?" అని అడిగింది మూలనుంచి, ఎన్నడూ నోరెత్తని ముసలావిడ.

మామగారు ఇంట్లో ఉంటే గట్టిగా తుమ్మడానికైనా సంకోచించే వదిన. ఎదిగిన పిల్లల తల్లి. ఆమె రోజూ చదివేది ఇదా?

మళ్ళీ పని మొదలయ్యాక ఇద్దరూ ఒక దుప్పటికి చెరో కొసా పట్టుకున్నారు.

"అన్నయ్యకు చెప్తాను."

వదిన ముఖం పాలిపోయింది. పెద్దపిల్ల ఏదో సినిమా చూసిందని ఆయన ఆ పిల్ల ఫోను బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఏడాదైనా తియ్యలేదు. వదిన ఫోను కూడా అందులోకే పోతుంది, దానితోపాటే ఈ గదిలోని కథా పోతుంది.

మడత కోసం ఇద్దరూ దగ్గరికొచ్చారు. ఆ గుసగుస వినాలన్నా అంత దగ్గరికి రావాల్సిందే.

"సిగ్గులేదూ నీకు?"

"ఉంది కాబట్టేగా దగ్గాను."

"అన్నీ బూతులే!"

"అతను అడిగాడు పిల్లా."

"ఏమని?"

"ఇష్టమేనా అని. ఆ ముక్క కోసమే మళ్ళీమళ్ళీ చదువుతాను. మిగతాదీ చదువుతాననుకో, అబద్ధమెందుకు." దుప్పటి కొసలు కలిపింది. "నిన్నెప్పుడైనా అడిగారా?"

ఆడపడుచు చేతిలోంచి కొస జారింది. ఆమె భర్త బస్సు నడుపుతాడు, బంగారంలాంటి మనిషి. లైటు తీశావా అని అడుగుతాడు. అలారం పెట్టావా అని అడుగుతాడు. ఎంత వెతికినా ఇంకో ప్రశ్న గుర్తుకు రాలేదు. రాకపోవడమే ఆమెను భయపెట్టింది. ఆ కోపమంతా వదిన మీదికే మళ్ళింది.

పని దిగాక తిన్నగా అన్నయ్య ఇంటికే నడిచింది. వెనకే వదిన. అన్నయ్య టీవీ ముందు కాళ్ళు చాపుకుని ఉన్నాడు.

"ఏమే, ముఖం అలా కందగడ్డలా ఉంది? బావగారేమన్నా అన్నారా?"

"కాదన్నయ్యా, వదిన సంగతి."

వంటగది గుమ్మంలో వదిన గిన్నె పట్టుకుని కొయ్యబారిపోయింది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఆడపడుచుకు తోచలేదు. ముందుగా నోటికొచ్చిందే అడిగింది.

"గొంతు పోయిందిగా, డాక్టరుకు చూపించావా?"

"ఎవరికి గొంతు పోయింది?"

"వదినకి! వారమైంది!"

అన్నయ్య గుమ్మంవైపు తిరిగి, భార్యను ఎగాదిగా చూశాడు. "ఓహో, అదా! ఇల్లు ఇంత ప్రశాంతంగా ఉందేమిటా అనుకున్నా" అని పకపకా నవ్వాడు.

మధ్యాహ్నం చదివిన వరుసలకు కూడా ఆడపడుచు ఇంతగా నిర్ఘాంతపోలేదు. వారం రోజులు ఒకే కప్పుకింద ఉండి! వదిన వైపు చూసింది. వదిన ముఖంలో ఆశ్చర్యం ఇసుమంత లేదు.

"ఇంతకీ ఏదో చెప్పబోయావు?" అన్నాడు అన్నయ్య.

"చెప్పానుగా. అంతే" అని ఆడపడుచు చెప్పులేసుకుంది.

వదిన ఇప్పటికీ ఆ లాండ్రీలోనే పనిచేస్తోంది. ఫోను ఆమె దగ్గరే ఉంది.