ప్యాకెట్‌కి మూడు సర్వింగులు

ప్యాకింగ్ షెడ్డులో ఆమెను అందరూ త్రాసమ్మ అనేవారు. గ్లౌజు తొడిగిన చెయ్యి ఎండు క్రాన్‌బెర్రీల్లో పెట్టి గుప్పెడు తీసిందంటే సరిగ్గా నలభై గ్రాములే. తూకం యంత్రం ముప్పై తొమ్మిది చూపిస్తే సూపర్‌వైజర్ యంత్రాన్నే అనుమానించేవాడు. పదకొండేళ్లుగా అదే పని: సంచిలో మూడు గుప్పెళ్లు, పైన సీలు, వెనక లేబులు. లేబులు వంకరగా పడితే ఆమెకు ఒళ్లు మండేది. దాని మీద ఏముందో మాత్రం ఏనాడూ చూడలేదు. అంటించేవాళ్లు చదువుతూ కూర్చుంటే పని తెమలొద్దూ!

సీలు సరిగా పడని ప్యాకెట్లను పనివాళ్లు ఇంటికి తీసుకెళ్లొచ్చు. ఆమె రోజూ ఒకటి అక్కకు తెచ్చేది. అక్కకు షుగరు. డాక్టరు మిఠాయిలు మానెయ్యమన్న దగ్గర్నుంచి మూతి ముడుచుకుని కూర్చుంది పాపం.

"ఇది పండేగా అక్కా, తిను, ఏం కాదు" అంది చెల్లెలు.

అక్క ముఖం విప్పారింది. ఏడాదిపాటు కిటికీ దగ్గర కూర్చుని, ఒక్కొక్కటే చప్పరిస్తూ రోజుకో ప్యాకెట్ ఖాళీ చేసింది.

ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. పుండు మానక కుడికాలి వేళ్లు రెండు తీసేశారు. పాదం దక్కుతుందో లేదో ఇంకా చెప్పలేమన్నారు.

అక్క ఏం తినేదో అడిగిన డైటీషియన్, ప్యాకెట్ తెప్పించుకుని వెనక్కి తిప్పింది. "ఈ పండు బాగా పులుపమ్మా. అందుకే చక్కెర కలుపుతారు. ఇదిగో, చక్కెర ఇరవై తొమ్మిది గ్రాములు. అది ఒక్క సర్వింగుకే, అంటే ఒకసారి తినాల్సిన నలభై గ్రాములకి. ప్యాకెట్‌లో మూడున్నాయి. మొత్తం తింటే ఎనభై ఏడు."

త్రాసమ్మ తలూపింది. ఏడుపు రాలేదు. మర్నాడు పనికి వెళ్లింది, గుప్పెళ్లు నింపింది, పక్కావిడ జోకు వేస్తే నవ్వింది కూడా. మనసు మొద్దుబారిపోయింది. లేబులు చదివి చూసింది. అక్షరాలు మరీ అంత చిన్నవేం కావు. మూడు గుప్పెళ్లు వేసే మనిషికే మూడు సర్వింగులని తెలియలేదంటే ఎవరు నమ్ముతారు? అక్కతో చెప్పాలి. చెబితే అక్క ఇక తన ముఖం చూస్తుందా? మూడు రోజులు మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

నాలుగో రోజు మధ్యాహ్నం పాలు తాగించాక చెప్పేసింది. "అక్కా, అది పండే గానీ నిండా చక్కెరే. మూడుసార్లకు సరిపోయేది రోజూ నీ చేతిలో పెట్టాను. నా చేత్తో అంటించిన లేబులే, ఒక్కసారి కూడా చదవలేదు."

అక్క దుప్పటి సర్దుకుంది. "నేను చదివానే. మొదటి వారమే."

"మరి ఎందుకు తిన్నావు?"

"పొద్దస్తమానం నువ్వు వాటి మధ్యే ఉంటావు కదా. నీకు తెలియకుండా తెస్తావా, నాకే సరిగా అర్థం కాలేదేమో అనుకున్నాను."

అక్క గొంతులో కోపం లేదు. ఉండుంటే త్రాసమ్మకు కనీసం ఏడుపైనా వచ్చేది.