గదిలో ఇంకెవరున్నారు?

కంపెనీ సెక్రటరీ చదువుకు రెండు దారులున్నాయని నాకు చెప్పింది డిగ్రీ మొదటేడు జగదల్‌పూర్ హాస్టల్లో నాతోపాటు ఒకే గదిలో ఉండే స్నేహితురాలు. వాళ్ళ నాన్న కిరందుల్ ఇనుప గనుల్లో ఉద్యోగి, ఆంధ్ర నుంచి వచ్చిన కుటుంబం. ఆ పిల్లకు దేనికీ భయం లేదు. అందుకే ఆమెను చూస్తే నాకు అప్పుడప్పుడు ఒళ్ళు మండేది.

"డిగ్రీ అయ్యాక చేరితే ఎంట్రన్స్ ఉండదే, కానీ దానికి వేరే ఫీజు కట్టాలి. ఇప్పుడే రాసేశావనుకో, డబ్బూ మిగులుతుంది, రెండేళ్ళూ కలిసొస్తాయి" అంది. ఆపైన ఎగ్జిక్యూటివ్, ప్రొఫెషనల్ అని రెండు మెట్లు, ఏడాదిన్నర పైగా శిక్షణ. సీఏ చదువుతో పోలిస్తే ఖర్చు తక్కువేనట. ఇవన్నీ ఒక ఎత్తు, ఎంట్రన్స్ ఇంట్లో కూర్చునే రాయవచ్చనడం ఒక ఎత్తు. నాకు రోడ్డంటే భయం, బస్సు ఆపి బ్యాగులు వెతికేవాళ్ళంటే భయం, రాయపూర్ అంటే మరీ భయం. మన ఇంట్లో మనం కూర్చోవడానికి భయమేమిటి అనుకున్నాను. అంత తెలివి నాది.

అడవిని ఆనుకున్న దోర్నపాల్‌లో మా ఇల్లు హైవే పక్కనే. నాన్న ఇప్పపువ్వు, చింతపండు కొని జగదల్‌పూర్‌కు పంపే చిన్న వ్యాపారి.

"ఏంది బిడ్డా, ఆ పని?" అని అడిగాడు.

కంపెనీ చట్టప్రకారం నడుస్తోందో లేదో చూడటం, మీటింగుల్లో తీర్మానించినవి రాసిపెట్టడం, సర్కారుకు పంపే కాగితాల మీద సంతకం పెట్టడం అని చెప్పాను. అప్పటిదాకా బాగానే ఉన్న ఆయన ముఖం సంతకం దగ్గర మాడిపోయింది.

"సంతకం ఎందుకే? తప్పయితే ముందు సంతకం పెట్టినోన్నే గదా పట్టుకపోయేది!"

ఆ తర్వాత నేను చదివిన లావుపాటి పుస్తకాల సారాంశం దాదాపు ఇదే. నాలుగో రోజు నాన్న ఫీజు డబ్బులు చేతిలో పెట్టి, "ఒక్కపారి రాయి. కాలేదనుకో, వచ్చి తూకం కాడ కూసో" అన్నాడు. నాన్న ఒక మాట అంటే అంతే. రెండోసారి అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకైతే అసలే లేదు.

పరీక్షకు ఫోన్ పనికిరాదు, ల్యాప్‌టాప్ కావాలి. అది కొనాలంటే ఫీజుకు ఎన్నో రెట్లు. స్నేహితురాలు తనది ఇచ్చింది. ఇక నియమాలు చదువుతుంటే నాకు చెమటలు పట్టాయి. గదిలో ఒక్కదాన్నే ఉండాలి, తలుపు వేసుకోవాలి. ఎక్కడో దూరాన కూర్చున్న మనిషి ఒకడు కెమెరాలోంచి నన్ను చూస్తూనే ఉంటాడు. నా చూపు పక్కకు పోయినా, గదిలో మరొక గొంతు వినిపించినా హెచ్చరిక. అది దాటితే పరీక్ష అక్కడికక్కడే బంద్.

ఇప్పపువ్వు బస్తాలు బయటికి వేయించి గది ఖాళీ చేశాను. గడియ సరిగ్గా పడదు కాబట్టి నానమ్మను తలుపు బయట కాపలా కూర్చోబెట్టి, ఎవర్నీ లోపలికి రానీయొద్దని చెప్పాను. ఆమె చేటలో పువ్వు పోసుకుని పుల్లలు ఏరుతూ కూర్చుంది. అమ్మా నాన్నా సంతకు పోయారు.

మొదట్లో బాగానే సాగింది. లీగల్ ప్రశ్నలు అయిపోయి ఎకనామిక్స్‌లో పడ్డాక, రోడ్డు మీద జవాన్ల బరువైన బండ్లు వరసగా పోయిన మోత వినిపించింది. మా దగ్గర ఆ మోత వింటే ఎవరైనా తల తిప్పి చూస్తారు. నేనూ తిప్పాను. వెంటనే ల్యాప్‌టాప్‌లోంచి మగ గొంతు హిందీలో గట్టిగా అడిగింది.

"కమ్‌రే మే ఔర్ కౌన్ హై?"

గదిలో ఇంకెవరున్నారని. నేను నోరు తెరిచేలోపే తలుపు వెనకనుంచి జవాబు వచ్చింది.

"కోయీ నహీ సాబ్! కోయీ నహీ!"

నానమ్మకు వచ్చిన హిందీ మొత్తం ఆ రెండు ముక్కలే. ఆమె అడవి లోపల, గొల్లపల్లి అవతలి ఊళ్ళో బతికిన మనిషి. అప్పట్లో తుపాకులు పట్టుకున్నవాళ్ళు వాకిట్లోకి వచ్చి ఈ ప్రశ్నే అడిగేవారట, ఒకరోజు అడవిలోని అన్నలు, ఒకరోజు పోలీసులు. ఉన్నారని చెప్పిన ఇంట్లోంచి మనిషిని తీసుకుపోయేవారు. మా చిన్నతాత అలా పోయినవాడే, తిరిగి రాలేదు. ఎవరూ లేరని చెప్పి, రెండోసారి అడగకముందే చేతులు కనపడేలా ఎత్తి తనే ఎదుటికి వచ్చి నిలబడటం నానమ్మ అప్పుడు నేర్చుకున్న పద్ధతి.

ఆ రోజూ అదే చేసింది. తలుపు కిర్రుమంది. తెర మూలన, నా ముఖం వెనక, ఎత్తిన రెండు చేతులు కనిపించాయి.

"యే కౌన్ హై?"

"మేరీ దాదీ హై, సర్" అన్నాను. మా నానమ్మ అని.

ఉన్నారని చెప్పేశాను. నానమ్మ వింటుండగానే, వేలు చూపించినంత తేలిగ్గా చెప్పేశాను. తెరలో ఆమె చేతులు ఇంకా పైకి ఎత్తే ఉన్నాయి. ఆమెను బయటికి పంపమనీ, ఇదే ఆఖరి హెచ్చరిక అనీ ఆ గొంతు చెప్పింది. "నానమ్మా, బయటికి పో" అన్నాను. తల తిప్పితే పరీక్ష పోతుంది. కాబట్టి తెర వైపే చూస్తూ అన్నాను. అడుగుల చప్పుడు దూరమైంది.

మిగిలిన గంట పైచిలుకు ఎలా రాశానో నాకు తెలియదు. చెవులు బయటే ఉన్నాయి. చేటలో పువ్వు కదిలిన చప్పుడు లేదు, దగ్గు లేదు. ఏ బావిలోనో పడిందేమో, రోడ్డుకు అడ్డం పోయిందేమో అనుకుంటూనే, సరైన సమాధానం మీద నొక్కుతూ పోయాను. లేచి పోలేదు. ఆ పరీక్ష పాసయ్యాను. ఇప్పుడు రాయపూర్‌లో రెండో మెట్టు చదువుతున్నాను. అయినా ఆ గంటసేపు లేవకుండా కూర్చున్నందుకు నన్ను నేను క్షమించుకోలేదు.

అయిపోయాక ఒక్క పరుగున బయటికి వచ్చాను. చేట బోర్లాపడి పువ్వంతా అరుగు మీద చెల్లాచెదురైంది. నానమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. ఉతికిన చీర కట్టుకుంది, తల దువ్వుకుంది. చేతి సంచిలో ఒక జత బట్టలు, బీపీ గోలీలు. ఇంకో చేతిలో ఆధార్ కార్డు. కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి.

"ఎక్కడికే నానమ్మా?" అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె సంచి కింద పెట్టి నా తల నిమిరింది.

"ఏడ్వకు బిడ్డా. నన్ను జూసిండు గదా, నన్నే తీస్కపోతరు. నువ్వు లోపలికి పోయి రాస్కో."