మంగళం తర్వాత పాటలు

ఈ మధ్య ఒక శనివారం పొద్దున దేవుడికి దీపం పెట్టి, మా ఆయన భజనపాటలు పెట్టమని కోడలితో చెప్పాను. కొత్త స్పీకరు, పోపుల డబ్బా అంత లేదు కానీ ఇల్లంతా మోగుతుంది. అన్నీ విన్నాను. మంగళహారతి అయింది, కర్పూరం కళ్ళకద్దుకున్నాను. లేవబోతున్నానో లేదో స్పీకర్లో మా ఆయన గొంతు సవరించుకున్నాడు. పాడలేదు. ఊరికే సవరించుకున్నాడు, పక్కగదిలోంచి వచ్చి ఏదో అడగబోయే మనిషిలాగా. పళ్ళెం పట్టుకునే గోడకు అంటుకుపోయాను.

కోడలు వంటింట్లోంచి ఉరికి వచ్చింది. "అట్ల అదిరిపడ్డవేంది అత్తమ్మా? పాత పాటలే. ఎన్కల నాలుగు ఎక్కువేసిన్రట, ఫిరీగ."

"బంద్ చెయ్యి బిడ్డా. ముందుగాల దాన్ని బంద్ చెయ్యి."

మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. బతికుండగా మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. వరంగల్‌లో మా వాడకట్టున ఏ ఇంటి ముందు చూసినా రంగు నూలు ఆరుతుండేది, లోపల మగ్గం డబడబలాడేది. ఆ చప్పుడు మీదే ఆయన పాట కట్టుకునేవాడు, నేను పక్కన కూర్చుని నూలు కండెలకు చుట్టేదాన్ని. పాట బాగా కుదిరిన రోజు జంపఖానాలో చారలు వంకర పోయేవి. నూలిచ్చే సేటు తిడితే, "చార తప్పితే ఇప్పి మల్ల నేస్త సేటూ, రాగం తప్పితే ఏం జెయ్యాలె?" అనేవాడు. శనివారం శనివారం హనుమంతుడి గుడిలో భజన. పాట ఎత్తేది ఆయన, హార్మోనియం మా మరిది, తక్కినవాళ్ళు చెక్క చిరతలు ఆడిస్తూ వంత. పరకాల దాకా పిలిపించుకునేవాళ్ళు. ఒక క్యాసెట్ల దుకాణపాయన విని ముచ్చటపడి రికార్డు చేసి అమ్మాడు. మేడారం జాతరకు పోయే బస్సులో ఒకసారి ఆ క్యాసెట్టే వేశారు. మా ఆయన అని చెప్పుకోవడానికి సిగ్గేసి, నోట్లో కొంగు కుక్కుకుని కూర్చున్నాను. మంగళహారతి రాగానే బస్సంతా దండం పెట్టింది. డ్రైవరు కూడా రెండు చేతులూ ఎత్తి పెట్టాడు, అప్పుడు మాత్రం నాకు సమ్మక్క తల్లి నిజంగా గుర్తొచ్చింది.

మా భజనలో ఒక కట్టుబాటు ఉంది. మంగళహారతి పాడాక ఇక ఎవరూ పాట ఎత్తరు. చిరతలు కళ్ళకద్దుకుని సంచిలో వేసి మూతి ముడేస్తారు. ఇంటికి పోయే దారిలో కూనిరాగం తీసినా పెద్దవాళ్ళు గదిమేవాళ్ళు. వచ్చిన దేవుణ్ణి సాగనంపిన తర్వాత మళ్ళీ పాడితే మళ్ళీ పిలిచినట్టే, అప్పుడు వచ్చేది దేవుడే అని నమ్మకమేమిటి అనేది మా అత్త. క్యాసెట్‌కు ఆ సంగతి తెలిసినట్టే ఉండేది. మంగళం అయ్యాక కాసేపు బుసబుసమని తిరిగి, టక్కున మీట పైకి లేచేది. అది విన్నాకే నేను లేచేదాన్ని. ఆ క్యాసెట్ అరిగి నలిగి, ఒకనాడు మిషన్‌లో చుట్టుకుని తెగిపోయింది. దుకాణపాయన కొడుకు ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో వేశాడంటే కోడలు తెచ్చింది. వేసినవాడు ఉన్నది ఉన్నట్టు వేయవచ్చు కదా? కూరగాయలకు కొసరు అడుగుతాం, పాటకు కొసరేమిటి? జంపఖానాకు అంచు ముడులు వేసేశాక ఇంకో మూరెడు నేసి అతికిస్తే ఎవరైనా మెచ్చుకుంటారా? పాతది మాత్రమే కావాలని కోడలిని దుకాణానికి పంపితే, "గది ఇప్పుడెవలు కొంటరమ్మా, ఎక్కువుంటెనే కొంటున్రు" అన్నాడట.

నా భయం కట్టుబాటు ఒక్కదాని కోసమే కాదు. ఆ నాలుగింటిలో చివరిది ఏమిటో నాకు తెలుసు. రికార్డు చేసిననాడు నేను అక్కడే ఉన్నాను. దుకాణం వెనక గది, చప్పుడు బయటికి పోకుండా గోడలకు మేం నేసిన జంపఖానాలే వేలాడదీశారు. మంగళం దాకా పాడారు, మరిది హార్మోనియం మూశాడు. దుకాణపాయన, ఎట్లాగూ వచ్చారు కదా, రెండో క్యాసెట్టుకు ఉంటాయి, ఇంకో నాలుగు పాడిపొండి అన్నాడు. మరిది నసిగాడు. "ఇది గుడి కాదుర, దుకాణం. పెట్టె తెరువు" అని మా ఆయన నవ్వాడు. చివరి పాట మధ్యలో దగ్గు వచ్చింది. ఆ దగ్గు మళ్ళీ పోలేదు. మందులన్నారు, దవాఖాన అన్నారు, చివరికి ఆయనే పోయాడు. సగంలో ఆగిన పాట పనికిరాదు, చెరిపేస్తానని ఆనాడు దుకాణపాయన చెప్పాడు. చెరపలేదు.

కోడలు మంచిది. "తీసేయాల్నా అత్తమ్మా? ఒక్క నిమిషం పని" అంది. వద్దన్నాను. ఎంతైనా ఆయన గొంతు, చెరిపించే చేయి నాదెలా అవుతుంది? అట్లా అని వినలేను. నాకు మిగిలింది బాగున్ననాటి ఆ గొంతు ఒక్కటే. ఆ దగ్గు చెవిలో పడితే ఇక అదే మిగిలిపోతుందని నా వణుకు. అప్పటినుంచి మంగళం మొదలవగానే కోడలు స్పీకరు దగ్గర కాపలా నిలబడేది.

సంగతి తెలిసి మరిది వచ్చాడు. ఆయనకూ ఇప్పుడు కళ్ళు సరిగా ఆనవు. "అన్న మల్ల పాడుతాండు వదినె, ఇనకుంట గట్ల మూల కూసుంటవా? దయ్యమా ఏంది, నీ పెనిమిటి!"

"బతికున్నప్పుడే నీ అన్నకు భయపడకపోతిని. గిప్పుడు భయమైతాంది. జర ఆగు."

"ఆ సగం పాట మా నాయిన నేర్పింది. నాకు మరుపొచ్చింది. ఒక్కసారి ఇననియ్యి వదినె," అన్నాడు. తండ్రి పాట అడుగుతున్నవాణ్ణి ఎట్లా ఆపను? దర్వాజా పట్టుకుని నిలబడ్డాను. రెండు చరణాలు సాఫీగా సాగాయి. మూడో దాంట్లో పైకి పోయే చోట ఊపిరి అందలేదు. చిన్న గుటక, ఆ వెనక దగ్గు, చిరతలు కింద పడ్డ చప్పుడు. "నీళ్ళు, నీళ్ళు" అని ఒక పడుచు గొంతు అరిచింది. అది నేనే. అంతటితో తెగిపోయింది. మరిది తువ్వాలతో మొఖం మూసుకున్నాడు.

తర్వాతి శనివారం కోడలు మంగళం కాగానే ఆపేసింది. ఏం లాభం? అంతకు ముందే, పాత పాటల్లోనే ఒకదాంట్లో, పైకి పోయే చోట ఆయన చిన్న గుటక వేశాడు. ఇన్నేళ్ళూ అది రాగంలో సొగసు అనుకున్నాను, మగ్గం దగ్గర నేను కూడా అట్లాగే పాడబోయి నవ్వులపాలయ్యాను. ఇప్పుడు అదేమిటో తెలుసు, ఆ దగ్గు అప్పటికే గొంతులో ఉంది. ఆ చోటు వచ్చేసరికి కొంగు పిడికిట్లో బిగించి, ఊపిరి పట్టి కూర్చుంటున్నాను. ప్రతిసారీ దగ్గకుండానే దాటుతాడు. మళ్ళీ వారం మళ్ళీ భయపడతాను. అయిపోయిన మంచిరోజులను ఇక ఎవరూ ముట్టుకోలేరని నమ్మినదాన్ని. కాలానికి వెనక్కి నడవడం కూడా వచ్చని ఈ వయసులో తెలిసింది.