బంద్ రోజు తెరుచుకోని పాస్‌వర్డు

నేను మొండిదాన్నని మా ఇంట్ల అందరూ అంటరు. అననీ. ఆ మొండితనం లేకుంటే ఎల్బీ నగర్ డయాలసిస్ సెంటర్ పని ఎప్పుడో బోర్లాపడేది.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక హాస్టల్ మీది కిరాయి గదిల నేనూ, నా పార్ట్‌నరూ సాఫ్ట్‌వేర్ రాసేటోళ్లం. మాది నల్లగొండ, ఆయనది గుంటూరు. కోచింగ్‌ల ఒకే బెంచి మీద కూసున్నప్పటి దోస్తానా. ఆ సెంటర్‌కు పేషెంట్ల వివరాలు పెట్టుకునే అప్లికేషన్ కావాలె. ఎవరి బరువెంత, ఒంట్ల నుంచి ఎంత నీళ్లు తీయాలె, ఏ మందు పడదు, అన్నీ అండ్లనే.

ఆయనేమో అంతా ఇంటర్నెట్ మీదనే పెడదామంటడు. "ఇప్పుడంతా క్లౌడే. డాక్టరుగారు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఇక్కడి కంప్యూటర్ పాడైనా డేటా ఎక్కడికీ పోదు." అబద్ధమేం కాదు. కానీ బంద్ అంటే చాలు, కేబుల్ నెట్టాయన స్విచ్చు ఆపి ఇంటికి పోతడు. డయాలసిస్‌కు బంద్ ఉంటదా? డేటా అంతా ఆ డయాలసిస్ సెంటర్‌ల కంప్యూటర్‌లనే ఉండాలె, నెట్టొచ్చినప్పుడు దాని మీదికి పోవాలె అని నేను పట్టుబట్టిన.

"నీకు పొద్దున లేస్తే బందే గుర్తొస్తుందేంటి? రేపు తెలంగాణ వచ్చేస్తే బందులుండవు కదా, అప్పుడేం చేస్తావ్?"

"అప్పుడు నెట్టు పోదా? పోకుంట నువ్వొచ్చి పట్టుకుంటవా?"

కొట్లాడి కొట్లాడి ఆఖరికి రాజీకొచ్చినం. బంద్ నాడు మా గల్లీల దుకాణాలోళ్లు షట్టర్ సగం లేపి నడుపుతరు, ఊరేగింపు కనబడంగనే దించుతరు. ఇటు గిరాకీ పోదు, అటు బందూ చేసినట్టే. మేం గూడ గట్లనే చేసినం. డేటా నా మాట ప్రకారం సెంటర్‌ల, పాస్‌వర్డు సరిచూసే పని ఆయన మాట ప్రకారం నెట్టు మీద.

తర్వాతి బంద్ నాడు పొద్దున్నే సెంటర్ నుంచి ఫోన్, ఏమీ తెరుచుకుంటలేదని. బస్సుల్లేవు. కొత్తపేట మీదుగ ఇద్దరం నడుసుకుంట పోయినం. దారిల ఊరేగింపు ఎదురొస్తే నేను గట్టిగ జై కొట్టిన. ఆయన నవ్వుకుంట నా సంచి పట్టుకున్నడు.

సెంటర్‌ల ఒక పెద్దాయన ఆయాసపడుకుంట మంచం మీద కూసున్నడు. మొఖం వాసింది, కాళ్లు వాసినయి. చౌటుప్పల్ దిక్కు నుంచి ఆటోల, సందులన్నీ తిరిగి వచ్చిండట. రోజుండే సిస్టర్ బందుల చిక్కింది, ఫోన్ కలుస్తలేదు, పాత ఫైళ్ల బీరువా తాళం ఆమె దగ్గరనే. బదులొచ్చినామె ఈయనను ఎన్నడూ చూడలే. "ఎంత నీళ్లు తీయాలో తెల్వకుంట మిషన్ పెట్ట" అన్నది. ఆమె మాట న్యాయమే.

పాస్‌వర్డు కొడితే స్క్రీన్ మీద గుండ్రంగ తిరుగుడే తిరుగుడు. ఆ పెద్దాయన వివరాలన్నీ ఆ డబ్బాలనే ఉన్నయి. ఇంటి నిండ బియ్యం పెట్టుకొని తాళంచెవి ఊరవతల పెట్టినట్టయింది మా బతుకు. నాకు ఒళ్లు మండింది.

"ఇగో సూడు నీ క్లౌడు! ఇగ రాజీ గీజీ ఏం లేదు. నెట్టు లేకుంటే ఆగే పని ఇండ్ల ఒక్కటి గూడ ఉండొద్దు!" అని అందరి ముందట అరిసిన.

పెద్దాయన కండ్లు తెరిచి నన్ను జూసిండు. "కొట్లాట తర్వాత పెట్టుకోన్రి బిడ్డా. నేనైతే ఒచ్చిన గదా, మీ నెట్టెందుకు రాలే? తెలంగాణ సూడకుంటనే పోతనేమో. జర జల్ది తెరువున్రి."

అప్పటిదాక రోడ్డు మీద జై కొట్టిన గొంతు నాది. అరుసుడు ఆపి మల్ల పాస్‌వర్డు కొట్టిన.

నా పార్ట్‌నర్ నన్ను పక్కకు జరిపి కుర్చీ లాక్కున్నడు. పాస్‌వర్డు ముక్క ఆయన రాసిందే, దాని గుట్టు ఆయనకే ఎరుక. నెట్టును అడిగే లైన్లు తీసేసి, ఆ కంప్యూటరే సరిచూసుకునేటట్టు మార్చిండు. తెరుచుకుంది. బదులొచ్చిన సిస్టర్ ఆయన బరువు, తీయాల్సిన నీళ్ల లెక్క చదివి మిషన్ పెట్టింది.

రక్తం గొట్టంల పారుడు మొదలైనంక మా గుంటూరాయన లేచి పోయి మంచం పక్కన నిలబడ్డడు. పెద్దాయన చెయ్యి పట్టుకున్నడు.

"చూస్తారు బాబాయ్. తెలంగాణ మీరు తప్పకుండా చూస్తారు."