తమ్ముడు తేల్చకుండా వెళ్లిన కొలత

నా తమ్ముడు ఈ శీతాకాలంలో వెళ్లిపోయాడు. మేం వలస వచ్చిన ఈ దేశం దక్షిణ కొసన, ఇన్వర్‌కార్గిల్‌లో, తన కార్ల గ్యారేజీలోనే, పని మధ్యలో గుండె ఆగింది. ఉత్తరాన మనురేవాలో ఉన్న నాకు ఆ కబురు మరదలి గొంతులో వచ్చింది. "వదినా, మీ తమ్ముడు లేడు" అంది. ఫోన్ పక్కన పెట్టాను. వెళ్లి దేవుడి ముందు కూర్చున్నాను. ప్రార్థన రాలేదు. ఒక ఉదయం గుర్తొచ్చింది.

విశేషం ఏమీ లేని ఉదయం. నేను వాళ్లింటికి చూడ్డానికి వెళ్లినప్పటి ఒక శనివారం. బయట కారు అద్దం మీద మంచు తెల్లగా గట్టిపడి ఉంది. తమ్ముడు స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, గోరువెచ్చని నీళ్లు పోసి అద్దం కడిగి లోపలికి వచ్చాడు. మరదలు ఉప్మా కలుపుతోంది. టీ ముట్టకుండానే వాడు గ్యారేజీ నుంచి తెచ్చిన మూడు ఇనప పైపు ముక్కలు బల్ల మీద పరిచాడు. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగు, ఒకటి మధ్యరకం. ప్రతిదానికీ ఒక చివర పాత తువ్వాలు ముక్క చుట్టి పిడి చేశాడు.

"అక్కా, ఇది పట్టుకొని చెయ్యి చాపు. ఎంతసేపు ఆగుతదో చూడు."

"ఏందిరా ఇది?"

"రివాల్వర్ అనుకో."

"పొద్దుగాల లేచి దేవుని పేరు తలుచుకోమంటే రివాల్వర్ పేరు తలుస్తున్నడు" అంది మరదలు, పొయ్యి దగ్గర నుంచి తిరగకుండానే. "ఇంట్ల చపాతీ కర్ర లేదా, ఆ పైపులెందుకో అడుగు వదినా."

"చపాతీ కర్ర నీ చేతిల చూస్తేనే నాకు భయం. అందుకే పైపులు తెచ్చిన."

వాడికి ఈ సరదా ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. మా ఇంట్లో కర్రసాము చేసినవాళ్లు కూడా లేరు. ఇక్కడ చేతి తుపాకీ పేల్చాలంటే అనుమతి ఉన్న క్లబ్బులోనే పేల్చాలి. ఊరి బయట, పాతకాలపు రివాల్వర్లతో ఇనప పలకలు కొట్టే క్లబ్బు ఒకటి ఉంది. శనివారాలు వాడు అక్కడుండేవాడు. ఆ రకం రివాల్వర్‌లో ప్రతి గుండుకీ వెనకున్న సుత్తిని బొటనవేలితో లాగి నిలపాలి, అప్పుడే పేలుతుంది. చిన్నప్పుడు మాట కంటే ముందు చెయ్యి లేచేది వాడికి. అందుకే అది నచ్చిందేమో. "మధ్యల ఒక ఊపిరి తీసుకోవాల్సిందే అక్కా, వేరే దారి లేదు" అనేవాడు. నాకు తుపాకులంటే ఇష్టం లేదు. కానీ రోజూ జపమాల తిప్పేదాన్ని కాబట్టి ఆ మాట అర్థమైంది.

అన్నేళ్లూ క్లబ్బు రివాల్వరే వాడాడు. ఒక దసరాకి దానికి తడి గంధం రాసి కుంకుమ బొట్టు పెట్టాడు, గ్యారేజీలో రెంచీలకీ జాకీకీ పెట్టినట్టే. ఆయుధ పూజ కదా. బొట్టు తుడవడానికి మనసొప్పక అలాగే పెట్టెలో పెట్టించి వచ్చాడు. ఉక్కు మీద నీలం తేలే ఆ నల్లని మెరుగు తడిని ఓర్చుకోదు. మరుసటి శనివారానికి బొట్టు ఉన్నచోట తుప్పు గుండ్రంగా పూసింది. క్లబ్బు పెద్దాయన, ఈ దేశంలోనే పుట్టిన కివీ, దాన్ని వెలుతురులో తిప్పి చూసి, "మీ దేవుడికి మా తుపాకీ మీద ఏం కోపమయ్యా?" అని అడిగాడట. ఎన్ని వారాలు నూనె గుడ్డతో రుద్దినా మచ్చ పోలేదు. వాడు చెబుతూ వాడే నవ్వేవాడు.

అందుకని సొంతది కొనుక్కోవాలనుకున్నప్పుడు మెరుగు దగ్గరే ఆగిపోయాడు. నల్ల మెరుగు అందం, ఎండలో కళ్లలోకి కొట్టదు, కానీ చేతి చెమటకే పాడవుతుంది. నికెల్ పూత కొత్త చెంబులా తళతళలాడుతుంది, గురి చూసేటప్పుడు ఆ మెరుపే అడ్డం. స్టెయిన్‌లెస్ స్టీలు వంటింటి గిన్నె లాంటిది. గీతలు పడతాయి, రుద్దితే పోతాయి.

"బొట్టు పెట్టకు. దండం పెట్టుకో, చాలు" అన్నాను.

"బొట్టు లేకుంట దండమేందక్కా, సగం పనోలె."

బ్యారెల్, అంటే తుపాకీ గొట్టం, పొడుగు సంగతి ఇంకా కష్టం; ఆ మూడు పైపులూ అందుకే. ఏడున్నర అంగుళాలదైతే గురి గుర్తుల మధ్య దూరం ఎక్కువ, చూపు బాగా కుదురుతుంది. ముందు బరువుంటుంది కాబట్టి పేలినప్పుడు పైకి ఎగరదు. కానీ ఒరలోంచి తీసేటప్పుడు ఆలస్యం, మణికట్టు అలిసిపోతుంది. నాలుగు ముప్పావు చురుగ్గా చేతికొస్తుంది, అయితే చెయ్యి కాస్త వణికితే పలక దగ్గర చాలా తేడా వస్తుంది. వాడి మనసు పొడుగు దాని మీదే ఉంది.

అప్పుడే మా మేనకోడలు నిద్ర లేచి వంటింట్లోకి వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగింది, ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం. తండ్రితో పాటు క్లబ్బుకి వెళ్లి తనూ లైసెన్సు తెచ్చుకుంది. పొడుగు పైపు అందుకుని చెయ్యి చాపి, వెంటనే దించేసింది.

"నాన్నా, టూ హెవీ."

"నీకెవ్వరు కొంటున్నరు? ఇది నాకు."

"నీకు గూడ హెవీనే. అత్తమ్మ ముందల యాక్ట్ చేస్తున్నవ్."

వాడు పైపు కింద పెట్టి మణికట్టు రుద్దుకున్నాడు. "నిదానంగ చూద్దాం తియ్" అని చల్లారిన టీ తాగేశాడు. దుకాణంలో ఆర్డరు మాత్రం ఇచ్చాడు, కొలతా మెరుగూ తర్వాత చెబుతానని. చెప్పకుండానే వెళ్లిపోయాడు.

కర్మలయ్యాక ఇంట్లో మేం ముగ్గురమే మిగిలాం. దుకాణం ఆయన ఫోన్ చేశాడు. ఆర్డరు రద్దు చేయవచ్చు, లేదా అమ్మాయి తన పేర అనుమతి తెచ్చుకుంటే తను తీసుకోవచ్చు, తొందరేమీ లేదు అన్నాడు. అమ్మాయి తీసుకుంటానంది. మరదలు వద్దంది. అమ్మాయి లేచి ముందుగదిలోకి వెళ్లిపోయింది.

వంటింట్లో మరదలు నా చెయ్యి పట్టుకుంది. "పిల్ల సరిగ్గ తింటలేదు వదినా. పండుకుంటలేదు. ఇసొంటప్పుడు ఇంట్ల అదుంటే నేను బతకను."

ఆమె పైకి అనని భయం నాకూ ఉంది. దాన్ని గుండెల్లో పెట్టుకుని దండాలు పెట్టడం కంటే అడగడం మంచిదనిపించింది. ముందుగదిలోకి వెళ్లి, తల్లి వింటుండగానే అడిగాను.

"బిడ్డా, నిన్ను నువ్వు ఏమన్న చేసుకోవాలనిపిస్తోందా?"

అది నా ముఖంలోకి సూటిగా చూసింది. "నో అత్తమ్మా. ప్రామిస్. ఏడుపొస్తది, అంతే."

"మరి అదెందుకు నీకు?"

"ఇంట్ల నాన్న, నేను ఎప్పుడు ఫైట్ చేసుకునేటోళ్లం. యూ నో దట్. కారు గురించి, నా ఫ్రెండ్స్ గురించి, అన్నిటికీ. క్లబ్బుల, షూటింగ్ రేంజ్ మీద, ఒక్కసారి గూడ చేసుకోలే. అక్కడ కోపంగా ఉంటే షూట్ చేయనియ్యరు. నాన్న పక్కన నిలబడి 'బ్రీత్' అనేటోడు. నాకు ఆ నాన్న కావాలి, మమ్మీ."

మరదలు గుమ్మంలోనే నిలబడిపోయింది. శనివారం మధ్యాహ్నాలు వాళ్లిద్దరూ గొడవ లేకుండా ఎందుకు తిరిగొచ్చేవాళ్లో ఆమెకి ఇప్పుడు తెలిసింది. "ఇంట్ల మాత్రం పెట్టనియ్య" అంది.

"ఇంట్ల వద్దు. క్లబ్బులో లాక్ చేసి పెడతరంట, అడిగిన."

"నల్లది వద్దు. నల్లగుంటే నాకు చూడబుద్ధి కాదు."

అమ్మాయి నా వైపు చూసింది. రంగు ఎంచుతోందంటే ఒప్పుకున్నట్టే. అనవలసింది తల్లి అనేసింది.

ఆ సాయంత్రం మేం అనుకున్నది ఇది. రివాల్వర్ రద్దు చేయం. అది అమ్మాయి పేరనే వస్తుంది, ఇంటికి మాత్రం రాదు. క్లబ్బు పెద్దాయన దగ్గర తాళంలో ఉంటుంది. అమ్మాయి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లి నిద్ర సంగతి చెప్పుకుంటుంది. డాక్టరు సరేనన్నాకే శనివారాలు మొదలు. తల్లి కూడా వెంట వెళుతుంది, కారులో కూర్చున్నా సరే. మెరుగు స్టెయిన్‌లెస్. బ్యారెల్ అయిదున్నర అంగుళాలు, తండ్రి కోరిన పొడుగూ కాదు, మరీ పొట్టీ కాదు. అమ్మాయి చెయ్యి దాన్ని మోయగలదు.

దుకాణానికి మెసేజ్ రాస్తూ అమ్మాయి ఆగింది. పిడి ఏ సైజో తేలాలంటే అరచేతి కొలత కావాలట. మరదలు లోపలికి వెళ్లి జాకెట్లు కుట్టే టేపు తెచ్చింది. కూతురి అరచేతిని తన ఒళ్లో పరుచుకుని, మణికట్టు నుంచి నడిమి వేలి చివరిదాకా కొలిచింది. అంకె చెప్పింది. నమ్మకం కుదరక మళ్లీ కొలిచింది. మెసేజ్ వెళ్లిపోయింది, టేపు జారి కింద పడింది. ఆ చెయ్యి మాత్రం ఆమె ఒళ్లోనే ఉంది.