పొయ్యిలో చెరువు

ఆ రోజు నా గొప్పకు పొరుగింటి అవ్వ ఇల్లు మునిగింది. బాన్సువాడ బజారులో కొత్త దుకాణాల ముందు షాబాదు బండలు చూసి, నేనూ వాకిలంతా పరిపించాను. ఆ బండల కింది మట్టిలో ఇంకిన వానే గోడ అవతలి అవ్వ బావికి ఊట అని ఆలోచించలేదు.

తొలివానకు ఇంటిల్లిపాదీ వాకిట్లో గంతులేస్తుంటే, బండల మీది నీళ్లన్నీ అవ్వ ఇంట్లోకి ఉరికాయి. చప్పట్లు కొట్టి నవ్వితే గానీ ఏ మాటా మొదలుపెట్టని అవ్వ, చీర ఎగ్గట్టి వచ్చి అలాగే నవ్వింది.

"ఓ కొడుకా! బాయిల సుక్క లేదు గానీ పొయ్యిల చెర్వు నిండింది! ఇగ చాపలు వడుదామా?"

"తప్పయింది అవ్వా."

"నీ తప్పు మీద రొట్టె కాలుతదార?"

నవ్వు, సిగ్గు కలిసి ముంచుకొచ్చాయి. గడ్డపార తీసి వానలోనే బండలన్నీ పెకిలించాను. తరువాత అవ్వను మా పొయ్యి దగ్గర కూర్చోబెట్టి జొన్నరొట్టె నేనే కాల్చాను. మాడింది. అయినా ఇంకొకటి అడిగింది.